పత్తెం లెక్క

మా తండాల్లో ఎవరికి జబ్బు చేసినా ముందడిగేది ‘ఏమన్న తిన్నడా?’ అనే. తింటే మనిషి దక్కినట్టేనని మా పెద్దల నమ్మకం. అందుకే వీర్నపల్లి నుంచి పట్నం దవాఖానకు పోయేటప్పుడు దుప్పటితో పాటు జొన్నరొట్టెల మూట, గంజి డబ్బా కూడా పోతాయి.

ఐసీయూ తలుపు దగ్గర ఆ మూట ఆగిపోతుంది. లోపల ముక్కులో గొట్టం చూసి, తిండి పెట్టకుండా ఉంచారని మనవాళ్లు గొడవపడటం మేము చూశాం. నిజానికి ఆ గొట్టమే తిండి పోయే దారి. స్పృహ లేని మనిషి నోట్లో గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నర్సు మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతుంది. గొట్టం సరిగ్గా ఉందో లేదో చూశాకే ఆహారం పోస్తుంది. ఎన్ని మిల్లీలీటర్లు పోసింది, వాంతి అయిందా, మూత్రం ఎంత, రక్తంలో చక్కెర ఎంత అన్నీ చార్టులో రాస్తుంది. ఆ చార్టు చూసే డాక్టరు మోతాదు మారుస్తాడు. రోజుల తరబడి తిననివారికి ఒక్కసారే ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు. కొద్దికొద్దిగా పెంచడం పిసినారితనం కాదు, వైద్యమే.

ఇది కొత్త సంగతి కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్‌పై రాసిన పుస్తకంలో రోగి తిండికే రెండు అధ్యాయాలు ఇచ్చింది.

కానీ ఎన్ని రోజులుగా తినలేదు, బట్టలు వదులయ్యాయా, మింగితే దగ్గు వస్తుందా అన్నవి ఇంటివాళ్లే చెప్పాలి. మా అవ్వలు అవి గోర్‌బోలిలోనే చెప్పగలరు. నర్సు అడిగేది తెలుగులో. ఆ రెండింటి మధ్య మాట తెగిపోతే నష్టం రోగికే. చదువుకున్న పిల్లలు పక్కన నిలబడి ఆ మాట చేర్చాలి.

అయిదో తరగతిలో ఆహారం పాఠం వచ్చినప్పుడు, ఇంట్లో ముసలివాళ్లు ఒక రోజులో తిన్నది, తాగినది రాసుకు రమ్మంటాం. ఒక కాగితంలో ‘పొద్దున చాయ్, రాత్రి సగం రొట్టె’ అని మాత్రమే ఉంది. జబ్బు దవాఖాన మెట్లెక్కక ముందే ఆ కాగితంలో కనిపించింది.

తోటి ఉపాధ్యాయులారా, ఈ లెక్క మీ బడిలోనూ రాయించండి. సిరిసిల్లలో 2021లో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ప్రారంభమైంది. మన ఆడపిల్లలకు, మగపిల్లలకు ఆ దారి చూపించండి. ఐసీయూలో మన అవ్వ మాట అర్థమయ్యే నర్సు ఒక్కరున్నా, బయట కూర్చున్న ఇంటివాళ్లకు ధైర్యం వస్తుంది.