రోథెన్‌టర్మ్ చిత్తడిలో

సెప్టెంబరులో ఒక పొద్దున బీబర్‌బ్రుగ్‌లో రైలు మారి రోథెన్‌టర్మ్‌లో దిగాను. స్విట్జర్లాండ్‌లో 900 మీటర్లకు పైన ఉన్న లోయ ఇది. ఊరు దాటగానే మెలికలు తిరిగే బీబర్ వాగు, అటూ ఇటూ ఎర్రబారుతున్న గడ్డి, పొట్టి పైన్ చెట్లు, కాలు పెడితే దిగబడే స్ఫాగ్నమ్ నాచు.

ఇంత దూరం వచ్చింది ఒక పుట్టగొడుగు మీది మనసుతో. శాస్త్రనామం ఆర్మిల్లేరియా ఎక్టైపా. ఇక్కడివాళ్ళు మోర్ హాలిమాష్ అంటారు. దీని దాయాదులు చెట్ల వేళ్ళలో దూరి చంపేస్తాయి. వాటిలో ఒక్క శిలీంధ్రమే అమెరికాలోని ఒరెగాన్ అడవిలో దాదాపు 9 చదరపు కిలోమీటర్లు పాకింది. మోర్ హాలిమాష్ మాత్రం ఏ చెట్టు జోలికీ పోదు. తడి నాచులో, కుళ్ళే గడ్డిలో బతుకుతుంది. గుత్తులుగా కాక విడివిడిగా లేస్తుంది, కాడకు వలయం ఉండదు. ఒట్టి వాననీటి మీద బతికే పులుపు నేల కన్నా ఊటనీరు చేరే అంచులే దానికి నచ్చుతాయి. నీటిమట్టం తగ్గినా, పొలాల ఎరువు కొట్టుకొచ్చినా దాని చోటు పోయినట్టే.

ఈ దేశమంతటా చట్టరక్షణ ఉన్న 12 పుట్టగొడుగు జాతుల్లో ఇదొకటి. 2003లో ఐరోపా వన్యజీవుల రక్షణ కోసం ఉన్న బెర్న్ ఒడంబడికలో చేర్చమని ప్రతిపాదించిన 33 శిలీంధ్రాల్లోనూ ఉంది; ఆ ప్రతిపాదన నెగ్గలేదు, అది అన్యాయమే. కోయొద్దన్న నిషేధం మంచిదే, అయినా దీనికి అసలు శత్రువు చిత్తడి నీరు పోయేలా కాలవ తవ్వే పార. పీట్ అనే సగం కుళ్ళిన నాచు మట్టి కోసం, పొలాల కోసం ఈ దేశం తన చిత్తడి నేలల్లో దాదాపు 90 శాతం పోగొట్టుకుంది.

మిగిలినవి నిలవడానికి ఈ లోయే కారణం. సైన్యం ఇక్కడ శిక్షణ మైదానం కట్టబోతే జనం అడ్డుపడ్డారు. 1987 డిసెంబరు 6న 57.8 శాతం ఓట్లతో చిత్తడి నేలల రక్షణను ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించారు. బాట మీద నిలబడి ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

పక్కనే ఒక రైతు గడ్డి కోస్తున్నాడు. ఎరువెయ్యని ఈ గడ్డిని శరత్తులో కోసి కొట్టంలో పశువుల కింద పరుస్తారు. కోత ఆగితే పొదలు కమ్ముకుని, వెలుతురు కోరే నాచు చస్తుంది. రక్షణ అంటే చుట్టూ కంచె వేసి వదిలేయడం కాదని ఆ కొడవలి నాకు చెప్పింది.

సాయంత్రం దాకా వెతికాను. నాచులోంచి పొడవాటి కాడలతో లేచిన చిన్న గెలరీనా పుట్టగొడుగులు కనిపించాయి గాని మోర్ హాలిమాష్ కంటపడలేదు.

స్విట్జర్లాండ్ వెళ్ళే మనవాళ్ళు మంచుకొండలతో పాటు ఈ చిత్తడికీ ఒక పూట ఇవ్వండి. బాట దిగి నాచు మీద మాత్రం అడుగు పెట్టకండి.