రేవు కాని రేవా

వేసవి సెలవులకు న్యూజీలాండు వెళుతున్నానంటే, “మామిడిపళ్ళు వదులుకుని ఎందుకండీ?” అన్నారు మా కాలేజీలో. నిజమే. మనకు రోళ్ళు పగిలే మే నెలలో అక్కడ చలికాలం గుమ్మంలో వుంటుంది. అయినా నేను వెళ్ళింది సరదాకు కాదు లెండి. తమ్ముడు ఇంటి మొహం చూసి ఆరేళ్ళయింది. “ఎప్పుడొస్తాడో నోటితో చెప్పించుకుని రా” అని అమ్మ పంపింది. వెళ్ళి నాలుగు రోజులైనా నాకు నోరు పెగలలేదు.

వాడుండే న్యూ ప్లిమత్ సముద్రపు టొడ్డున వున్న వూరు. ఒడ్డు వెంట సుమారు 13 కిలోమీటర్ల బాట, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే. వైఫకైహో నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఆ బాట కోసం 2010లో ఒక వంతెన కట్టారు. పేరు తే రేవా రేవా. ఆ పేరులో ‘రేవు’ వినిపించగానే తెలుగు మేష్టరి ప్రాణం లేచివచ్చింది. వ్యుత్పత్తి చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. అది మావోరీల మాట. మన రేవుతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

నదిలో ఒక్క స్తంభమైనా లేదు. దాదాపు 69 మీటర్లు ఒకే అంగలో దాటుతుంది. తెల్లని ఉక్కు వాసాలు ఒక పక్కనుంచే లేచి నెత్తిమీదికి వంగుతాయి. విల్లులాంటి గొట్టం ఒకటి పైన వాటిని కలిపి పట్టుకుంటుంది. చూసినవాళ్ళు తిమింగలం అస్థిపంజరమంటారు, విరగబోయే కెరటమంటారు. నాకు మాత్రం గూడు సగం ఊడిన ఎడ్లబండి కనిపించింది!

అవతలి గట్టు మావోరీలకు పవిత్రభూమి. అక్కడ వాళ్ళ పూర్వుల కోట వుండేది, సమాధులున్నాయి. చెప్పులు విప్పాలేమో అనుకున్నాను. అక్కర్లేదన్నాడు తమ్ముడు. మాటలు తగ్గించి నడిచాం.

“ఇప్పుడు వెనక్కి తిరుగు, అన్నయ్యా.”

తిరిగాను. అంతకుముందు రెండుసార్లు వచ్చినా మబ్బు తప్ప ఏమీ కనిపించని చోట, వాసాల వంపులో పటం కట్టినట్టు తరనాకి పర్వతం! 2518 మీటర్ల ఎత్తు, నెత్తిన మంచు. వంతెనను పనిగట్టుకుని ఆ కొండకేసి తిప్పి కట్టారట. 2025లో అక్కడి చట్టం ఆ కొండను మనిషితో సమానమైన హక్కులున్న వ్యక్తిగా గుర్తించింది. కొండకు మొక్కేవాళ్ళం, మనకిది వింతగా తోచదు.

పోయేటప్పుడు వీపు వెనక వుండిపోయేది, తిరిగి వచ్చేటప్పుడే ఎదురవుతుంది. సమయం దొరికిందని అడిగేశాను. “అమ్మ అడగమంది. ఎప్పుడొస్తావు?”

వాడు కమ్మీ పట్టుకుని నీళ్ళకేసి చూశాడు. “కంటి ఆపరేషన్ ఏ నెలలో?” అన్నాడు.

“కార్తీకంలో.”

ఇంతలో వాడి కూతురు సైకిలు ఆపి, “పెదనాన్నా, రిబ్స్‌ని తెలుగులో ఏమంటారు?” అంది.

“పక్కటెముకలు.”

“పక్కటి ముక్కలు” అని రెండుసార్లు అనుకుని తొక్కుకుంటూ పోయింది.

“నానమ్మ దిద్దుతుందిలే” అన్నాడు తమ్ముడు, ఫోనులో కార్తీకం ఎప్పుడొస్తుందో చూసుకుంటూ.