సర్కారు తుమ్మే మా క్రిస్మస్ చెట్టు

మేము పల్నాడు జిల్లా నకరికల్లులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మా ఊరి పేరు మీలో కొందరు 2018 నవంబరులో విని ఉంటారు, గోదావరి–పెన్నా అనుసంధానం మొదటి దశకి శంకుస్థాపన జరిగింది ఇక్కడే. టైపు చేస్తున్నది ఒకడే అయినా ఇది పదమూడు మంది మాట. అందుకే మేము అని రాస్తున్నాం. పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి.

మాలో సుగాలీలు ఉన్నారు, ఎరుకల వాళ్లు ఉన్నారు, యానాదులు ఉన్నారు, మాచర్ల వైపు నుంచి వచ్చిన చెంచు తమ్ముడు ఒకడున్నాడు. ఇంటర్ దాటింది మా ఇళ్లల్లో మేమే మొదలు. మా పక్కనే చిన్నపిల్లల హాస్టల్. పండక్కి ఇళ్లకు పోయే ముందు వాళ్లకి ప్రతి డిసెంబరులో సెమీ క్రిస్మస్ చేస్తాం. ప్రార్థనకి పోయేవాళ్లూ ఉన్నారు, పోనివాళ్లూ ఉన్నారు. కేకు దగ్గర ఆ లెక్క ఎవరూ చూడరు. పోయినేడు చార్టు మీద పచ్చ స్కెచ్‌తో చెట్టు బొమ్మ గీసి గోడకి అంటించాం. ఈసారి నాలుగో తరగతి బుడ్డోడు ఒకడు వచ్చి, "అన్నా, ఈసారన్నా నిజం చెట్టు పెడతారా?" అన్నాడు. అంతే, మొదలైంది.

మాలో ఒకడు ఫోన్లో ఓ వీడియో చూపించాడు. అమెరికాలో పది పదిహేను జీపులు వరసకట్టి మంచులో, రాళ్లల్లో ఎగిరెగిరి కొండెక్కుతున్నాయి. పైన అందరూ దిగి, తలా ఒక చెట్టు రంపంతో కోసుకుని, జీపు నెత్తిన కట్టుకుని దిగొస్తున్నారు. అమ్మానాన్నలు, పిల్లలు, కుక్క కూడా. అది సర్కారు అడవే. ముందు నమ్మలేదు. వెతికి చదివితే తెలిసింది, అక్కడి ఫారెస్ట్ సర్వీస్ వాళ్లే చాలా అడవుల్లో దీనికి పర్మిట్లు అమ్ముతారు. నాలుగో తరగతి పిల్లలకైతే ఒక పథకం కింద ఉచితం. షరతులున్నాయి: చెట్టు మొదలు ఆరంగుళాల లావు దాటకూడదు, నేలకి ఆరంగుళాల లోపే కోయాలి, కొన కోసం పెద్ద చెట్టును పడగొట్టకూడదు. ఒత్తుగా మొలిచిన చోట చిన్న చెట్లు తీసేస్తే మిగిలినవి బాగా ఎదుగుతాయని వాళ్ల లెక్క.

"మనమూ పోదాం కొండకి" అని అందరం ఎగిరాం. చెంచు తమ్ముడు మాత్రం, "నేనొస్తా గానీ గొడ్డలి నా చేతికియ్యొద్దు" అన్నాడు.

ఎందుకని అడిగితే ముందు చెప్పలేదు. రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్న ఇంటి కప్పుకని ఎండుకట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, డ్యూటీలో ఉన్న ఒకాయన ఆపాడంట. మోపు తీసుకున్నారు, గొడ్డలి తీసుకున్నారు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లు వాయిదాలు. ఇంటికొచ్చిన కాగితం చదవడానికి ఆ గూడెంలో పెద్దవాళ్లెవరూ లేరు. చదివి చెప్పింది అప్పుడు ఏడో తరగతిలో ఉన్న వీడే. "నాన్న పేరు, తాత పేరు, ఆ తర్వాత ముద్దాయి అని ఉంది. ముద్దాయి అంటే ఏందిరా అని నాన్న నన్నే అడిగాడు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

ఈ గ్రూపులో ఉన్న చాలామందికి ఇట్టాంటి కథ ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది. అందుకే పొద్దున్నే మాలో పొలిటికల్ సైన్స్ చదివేవాడు అటవీ హక్కుల చట్టం తీసి కూర్చున్నాడు. 2006 చట్టం, 2007 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. తునికాకు, తేనె, వెదురు, దుంపలు, మైనం లాంటి చిన్న తరహా ఉత్పత్తుల మీద మనకి హక్కుంది. కలప అందులో లేదు. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీళ్లు లాంటి 13 రకాల పనులకైతే గ్రామసభ సిఫార్సుతో హెక్టారుకి 75 చెట్ల దాకా తీసి అటవీ భూమి వాడుకోవచ్చు. "పదమూడిట్లో క్రిస్మస్ చెట్టు ఉందేమో చూడరా" అని ఒకడు, నవ్వులు. రిజర్వు ఫారెస్టులో గొడ్డలి పెట్టకూడదు అని అక్కడికి తేలింది. కానీ కొండ చూడ్డానికి పోవచ్చు కదా. చెట్టు సంగతి అక్కడ చూద్దాం.

నిజానికి మా కొండల్లో అట్టాంటి చెట్టే లేదు. పైన్ చెట్లు కావాలంటే అరకు, అనంతగిరి వైపు పోవాలి. అక్కడ కాఫీ తోటల్లో నీడకి సిల్వర్ ఓక్ కూడా ఉంటుందని మన గ్రూపులో పాడేరు అన్న పెట్టిన ఫోటోల్లో చూశాం, అదృష్టవంతులు. బాపట్ల, చీరాల వైపు చర్చిల్లో సరుగుడు కొమ్మ నిలబెడతారు, దూరం నుంచి అచ్చం క్రిస్మస్ చెట్టే. నరసరావుపేట కొట్లో నాలుగడుగుల ప్లాస్టిక్‌ది రెండు వేలన్నాడు. అది వినగానే అందరం కొండ వైపే తిరిగాం.

మనిషికి 60 రూపాయలు వేసుకుని డీజిల్ కొట్టించాం. బండి మా సుగాలి తమ్ముడి బాబాయిది, ట్రాక్టరూ ట్రక్కూ. ఆదివారం పొద్దున చలిలో దుప్పట్లు కప్పుకుని ట్రక్కులో కూర్చున్నాం. బొల్లాపల్లి వైపు వాళ్ల తండా. తారు రోడ్డు అయిపోయాక బండ్ల బాట. మిరప చేల మధ్య కొంచెం దూరం బాగానే పోయింది, తర్వాత వాగు. నీళ్లు లేవు గానీ ఇసకలో వెనక చక్రాలు దిగబడ్డాయి. అందరం దిగి, చక్రాల కింద కంది కట్టె పరిచి తోశాం. ఆ జీపుల వాళ్లు దీనికోసమే డబ్బులు పెట్టి పోతారంట. మా బాబాయికి చెబితే, "రోజూ వచ్చి ఇక్కడ తొయ్యమను, ఊరికినే పంపిస్తా" అన్నాడు.

తండాలో దాదీ (మా వాడి నానమ్మ) జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ పచ్చడి పెట్టింది. చెట్టు కోసం వచ్చామంటే, "ఏం చెట్టు?" అంది. ఏదో ఒకటి, పచ్చగా ఉండాలి అన్నాం. ఆమే మాతో కొండ మొదలు దాకా నడిచింది. నడుస్తూ ప్రతిదానికీ ఒక అడ్డం పెట్టింది. ఇది నారేప, తాడుకి నార దీన్నుంచే తీసేవాళ్లం. అది మోదుగ, విస్తరాకు. ఇది తునికి, ఆకుకి డబ్బులొస్తాయి, పండు మీరే తింటారు. అది బలుసు, కూరకి కోస్తాం. అది రేల, ఎండాకాలం పచ్చగా పూసేది, దాన్ని కొడతావా? ఒక్కటి కూడా ఊరికే ఉన్న చెట్టు దొరకలేదు. పైగా చలికి సగం చెట్లు ఆకు రాలుస్తున్నాయి. "మేము తీజ్‌కి గోధుమలు బుట్టలో పోసి మొలకలు పెంచుతాం, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాడి, నీళ్లల్లో కలుపుతాం. మీది నరికి తెచ్చే పండగా?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు మాట్లాడింది మా యానాది తమ్ముడు. వాడు మామూలుగా మాట్లాడడు. "సర్కారు తుమ్మ ఉంది కదా" అన్నాడు. తండాకి దిగువన ఒక రైతు బీడు పొలం, ఎకరమున్నర అంతా సర్కారు తుమ్మే. ఎండాకాలమైనా చలికాలమైనా పచ్చగా ఉంటుంది. దాన్ని కొడితే ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు, దాదీ కూడా నవ్వింది.

ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండాల నుంచే వచ్చింది. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కోసమని జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించారు. కరువు నేలలో కూడా బతుకుతుంది, మేకలు కాయ తిని గింజలు మోసుకుపోతాయి. ఇప్పుడు చెరువు గట్టు, బీడు, శ్మశానం ఏదీ వదల్లేదు. జమ్మి చెట్టుకి చుట్టమే గానీ దసరాకి దీన్ని ఎవరూ పూజించరు. పేరులోనే సర్కారు ఉంది. తెచ్చింది సర్కారు, ముళ్లు గుచ్చుకుంటున్నది మనకి, అని మా వాడొకడు అన్నాడు.

రైతుకి ఫోన్ చేస్తే, "ఒకటి కాదు, మొత్తం కొట్టుకుపోండి, నేనే మనుషుల్ని పెట్టాలని చూస్తున్నా" అన్నాడు. అక్కడికే వచ్చాడు. గొడ్డలి ఎత్తబోతుంటే చెంచు తమ్ముడు ఆపాడు. నోటుబుక్కులో కాగితం చింపి రైతు చేతికిచ్చి, "ఇది రాసివ్వండి బాబాయ్" అన్నాడు. ఫలానా సర్వే నంబరులో ఉన్న నా సొంత పొలంలో సర్కారు తుమ్మ చెట్టు ఒకటి ఈ పిల్లలు కొట్టుకోవడానికి నేను ఒప్పుకున్నాను, తేదీ, సంతకం, ఫోన్ నంబరు. వాక్యం వాడే చెప్పాడు, రైతు రాశాడు. ఒక తుమ్మ చెట్టుకి ఇంత రాతకోతలేందిరా అని ఆయన నవ్వాడు గానీ రాశాడు. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాక, "ఇప్పుడియ్యి" అని గొడ్డలి అడిగాడు.

కొట్టడం మాకెవరికీ రాదు. యానాది తమ్ముడు చూపించాడు. పంగకర్రతో ముందు కొమ్మల్ని అదిమిపట్టాలి, అడుగు కొమ్మలు తీసేసి మనిషి దూరేంత చోటు చేసుకోవాలి, అప్పుడు మొదలు దగ్గర కొట్టాలి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. తుమ్మ ముల్లు దిగితే వారం సలుపుతుంది, చెప్పు కూడా ఆగదు. వాడికి ఒక్క గీత పడలేదు. ఇంత బాగా ఎట్టా వచ్చురా అంటే, "మా అమ్మానాన్న పని ఇదే, తుమ్మ కొట్టి బొగ్గుబట్టీ కాలుస్తారు. సెలవులకి నేనూ పోతా" అన్నాడు. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం, వ్యవసాయం అని చెప్పేవాడు. ఆ రోజంతా వాడు చెప్పిందే పని. పట్టు అంటే పట్టాం, వదులు అంటే వదిలాం. ఆరడుగుల చెట్టు, గొడుగులాగా విచ్చుకుని ఉంది. శంకు ఆకారం రాలేదు గానీ కొమ్మలు కత్తిరించి కొంచెం తెచ్చాం.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. తారు రోడ్డు ఎక్కగానే బైకు మీద యూనిఫాం వేసుకున్న ఒకాయన ఆపి ట్రక్కులోకి టార్చి కొట్టాడు. "ఏం కొట్టుకొస్తున్నారు?" మేం ఎవరమూ నోరెత్తేలోపు చెంచు తమ్ముడు దూకి దిగాడు. "సర్కారు తుమ్మ సార్. పట్టా పొలంలోది. ఇదిగో కాగితం, ఇది రైతు నంబరు." ఆయన కాగితం చదివాడు, చెట్టు చూశాడు, మళ్లీ చదివాడు. "దీంతో ఏం చేస్తారు?" "క్రిస్మస్ చెట్టు సార్." ఆయనకి నవ్వొచ్చింది. కాగితం తిరిగిచ్చి, జాగ్రత్తగా పొమ్మన్నాడు. బాగానే మాట్లాడాడు, ఉన్నమాట చెప్పాలి. కానీ వాడి చెయ్యి హాస్టల్ వచ్చేదాకా వణుకుతూనే ఉంది, మేం దుప్పటి కప్పి చలి అన్నట్టు ఊరుకున్నాం.

పాత పెయింటు డబ్బాలో ఇసక పోసి నిలబెట్టాం. ముళ్లతో పెద్ద లాభం, దారం అక్కర్లేదు. కాగితం నక్షత్రాన్ని ముల్లుకి గుచ్చితే చాలు. హాస్టల్ మెనూలో కోడిగుడ్లు ఉంటాయి కదా, పిల్లలు వారం ముందునుంచి పెంకులు దాచి రంగులేశారు, అవన్నీ ముళ్లకి టోపీల్లాగా పెట్టారు. కడిగిన పాల ప్యాకెట్లు కత్తిరిస్తే వెండి తోరణాలు. సెమీ క్రిస్మస్ రాత్రి లైట్లు వేశాక వార్డెన్ సార్ వచ్చి, "ఏం చెట్టురా ఇది?" అన్నారు. ఎవరూ కనిపెట్టలేదు. నాలుగో తరగతి బుడ్డోడు ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుని, "అన్నా, నిజం చెట్టే!" అని అరిచాడు.

ఆ తర్వాత మేం ఇంకొంచెం చదివాం. అమెరికాలో ఆ అడవులన్నీ ఒకప్పుడు అక్కడి ఆదివాసులవే. మహా సరస్సుల దగ్గర ఒజిబ్వే అనే తెగ వాళ్లు 1837లో, 1842లో ఒప్పందాల మీద భూమి వదులుకున్నారు గానీ, అందులో వేటాడే, సేకరించుకునే హక్కుల్ని ఉంచుకున్నారు. చాలాకాలం ఆ హక్కుల్ని పట్టించుకోలేదు, కోర్టుల్లో కొట్లాడి నిలబెట్టుకున్నారు. 1998లో ఫారెస్ట్ సర్వీస్‌తో ఒప్పందం రాసుకుని, ఆ ప్రాంతం జాతీయ అడవుల్లో తమ తెగ నియమాల ప్రకారం, తమ తెగ ఇచ్చే పర్మిట్ల మీద సేకరించుకుంటున్నారు. పర్మిట్ రాసేది వాళ్ల వాళ్లే. ఇది చదివి మా చెంచు తమ్ముడు చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉన్నాడు.

మీలో ఎవరి ఊర్లోనైనా సామూహిక అటవీ హక్కు పత్రం వచ్చి ఉంటే, గ్రామసభలో తీర్మానం ఎట్టా రాశారో, ఏ కాగితాలు జత చేశారో కింద పెట్టండి. వాళ్ల గూడేనికి ఈ ఎండాకాలం సెలవుల్లో పోదామనుకుంటున్నాం, రాసేవాళ్లం ముగ్గురం ఉన్నాం.

చెట్టు సంగతి అడుగుతారని చెబుతున్నాం. జనవరిలో ఎండిపోయాక వంట అక్క పొయ్యిలోకి తీసుకుంది, మూడు రోజులు వచ్చిందంట. మొన్న రైతు ఫోన్ చేశాడు. మొద్దు చుట్టూ మళ్లీ చిగుళ్లు లేచాయంట, "వేళ్లతో సహా పీకకుండా పోయారేందిరా, రండి, ఇంకా ఎకరమున్నర ఉంది" అన్నాడు. యానాది తమ్ముడు ఫోన్ తీసుకుని కూలి ఎంతిస్తారని అడుగుతున్నాడు.