చోడిపిండియు, ఇనుప అచ్చును

సంఘసంస్కారమును గూర్చి మన పత్రికలలో వెలువడు వ్యాసములలో వివాహము, విద్య, కులభేదము, భాష మొదలగు విషయములు తరచుగా కానవచ్చును గాని, ఉదయము ఏడు గంటలకు ఇంటిలో ఏమి తినవలెనను ప్రశ్న కానవచ్చుట అరుదు. అది చర్చింపదగనంత చిన్న విషయమని పెక్కుమంది అభిప్రాయము. నాకట్లు తోచదు. దినమునకొక పర్యాయము చొప్పున సంవత్సరమంతయు తప్పక జరుగు పని యేదియు చిన్నపని కాదు. ఆ పని ఎవరి చేతులమీదుగా జరుగుచున్నది, దానివలన ఎవరి దేహమునకు బలము చేకూరుచున్నది, ఎవరి నిద్ర తరుగుచున్నది అను మాటలను విచారించినచో, ఒక కుటుంబములోని న్యాయాన్యాయములు చాలవరకు బయటపడును. కావున నేడు పట్టణములలో పిల్లలు మోజుపడుచున్న వాఫుల్ అను రొట్టెను ఆధారముగా గొని ఈ విషయమును కొంత విచారింపదలచినాను.

వాఫుల్ అన నేమో ఎరుగని పెద్దలకొరకు రెండు మాటలు. గళ్లు గళ్లుగా మలచిన రెండు ఇనుపపలకలను వేడిచేసి, వానినడుమ జారుడుగా కలిపిన పిండిని పోసి, మూసి కాల్చిన రొట్టెయే వాఫుల్. పైకి కరకరలాడుచు, లోపల మెత్తగా నుండుట దాని గుణము. ఐరోపాలో, ముఖ్యముగా బెల్జియము, హాలెండు దేశములలో, ఇది తరతరములుగా వాడుకలో నున్నది. పేరు డచ్చి భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. అమెరికాలో 1869వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన కార్నీలియస్ స్వార్టౌట్ అనునతడు పొయ్యిమీద పెట్టు వాఫుల్ అచ్చునకు పేటెంటు పొందెను. ఇప్పుడు విద్యుచ్ఛక్తితో పనిచేయు అచ్చులు మన పట్టణముల అంగళ్లలోను దొరకుచున్నవి.

పేరు క్రొత్తదే గాని వస్తువు మనకంత పరాయిది కాదు. పిండితో చేసిన రొట్టెకు అపూపమను పేరు ఋగ్వేదమునందే కలదు. పూపము, అపూపము, పిష్టకము అనువానిని అమరకోశము పర్యాయపదములుగా చెప్పుచున్నది. అచ్చు సంగతి తీసికొన్నను, గులాబీపువ్వుల అచ్చు మన ఇండ్లలో నున్నదే. అక్కడ కాగిన నూనె చేయు పనిని ఇక్కడ కాలిన ఇనుపపలకలు చేయును, అంతియే భేదము. ఇక దిబ్బరొట్టె సరేసరి. మందపు మూకుడులో మినపపిండి పోసి, మూతపెట్టి, సన్నని సెగను కాల్చిన ఆ రొట్టెయు పైకి కరకర, లోపల మెత్తన. దానికి పట్టు సమయము మాత్రము ఎక్కువ. వాఫుల్ అచ్చు రెండువైపులనుండియు ఒకేసారి వేడి నిచ్చుటచేత తిరుగవేయు పని లేదు. గళ్లుండుటచేత పిండి ఇనుమునకు తగులు చోటు హెచ్చు. కావున నాలుగైదు నిమిషములలో కాలును. ఈ అచ్చువలని మేలంతయు ఇంతే. అందులో పోయు పిండి ఏదియన్నదే అసలు ప్రశ్న.

అంగళ్లలో అమ్ము వాఫుల్‌లో సామాన్యముగా నుండునవి మైదా, పంచదార, వెన్న. పైన చాక్లెట్టు పాకము. ఎప్పుడో పండుగపూట తిన్నచో తప్పులేదు. నిత్యము పిల్లలకు పెట్టదగినది కాదు. గోధుమలోని తవుడును, మొలకభాగమును తొలగించి తీసిన తెల్లని పిండియే మైదా. తెలుపుపై మోజు మనకు క్రొత్తది కాదు. ఆ మోజునకు మన ప్రాంతము చెల్లించిన మూల్యము వైద్యచరిత్రకెక్కినది. బియ్యపుమరలు వచ్చిన పిదప, పచ్చివడ్లను తెల్లగా పాలిషు పట్టించి తినుట ఉత్తరసర్కారు జిల్లాలలో హెచ్చెను. తవుడుతోపాటు థయమిన్ అను బి-1 విటమిను పోయెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె నీరసించు బెరిబెరి వ్యాధి మనదేశమున ముఖ్యముగా కనబడినది ఈ ఉత్తరసర్కారులలోనే. వడ్లను నానబెట్టి ఉడికించి దంపిన ఉప్పుడుబియ్యము తినువారికి ఆ బాధ అరుదు. ఏలయన ఉడుకునప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి చొచ్చును. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. ఆ గదియే పెరిగి 1928లో పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. దేశమునకంతకును ఏమి తినవలెనో చెప్పు సంస్థకు పునాది, మనవంటి ప్రాంతముల వారిని పీడించిన వ్యాధియని మనలో ఎందరికి తెలియును?

మరి ఆ అచ్చులో ఏ పిండి పోయవలెను? ఇతర ప్రాంతములవారు రాగులనియు, తైదలనియు పిలుచు ధాన్యమును మనము చోళ్లందుము. వానమీదనే ఆధారపడిన మెట్టచేలలోను, మన్యపు కొండవాలులలోను ఇది మనకు తాతలనాటి పంట. విజయనగరములోని వ్యవసాయ పరిశోధనస్థానము చోళ్లలో క్రొత్త వంగడములను వెలువరించినది; అందొకదానికి మన జిల్లా నదియగు వేగవతి పేరే పెట్టబడినది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము, నూరు గ్రాముల చోళ్లలో కాల్షియము సుమారు 364 మిల్లీగ్రాములు. అంతే తూకపు తెల్లబియ్యములో 8 మిల్లీగ్రాములకు లోపు. ఇనుము చోళ్లలో 4.6 మిల్లీగ్రాములు, బియ్యములో 0.7 లోపు. పీచు చోళ్లలో 11 గ్రాములు, బియ్యములో 3 గ్రాముల లోపు. మాంసకృత్తులలో మాత్రము చోళ్లు బియ్యమును మించవు. రెంటిలోను ఏడెనిమిది గ్రాములే. అందుచేత చోళ్లకు మినపపప్పును జతచేయుట అవసరము. ఒక ధాన్యమును అమృతమని పొగడి, రెండవదానిని విషమని నిందించుట శాస్త్రము కాదు. ఒకదాని కొరతను మరియొకదానితో తీర్చుకొనుటయే వివేకము.

ఇంత మేలైన ధాన్యమును మన మధ్యతరగతి ఇండ్లు వంటింటి వెనుకకు ఏల నెట్టినవి? బీదల తిండి అను ముద్రవలన. చోడి అంబలి త్రాగి చేలోనికి పోవువాడు కూలివాడు. తెల్లని అన్నము తినువాడు మర్యాదస్థుడు. మా ఇంట మొదటిసారి చుట్టములకు చోడిరొట్టె పెట్టుదమన్నప్పుడు మా అమ్మ, “ఇంటికొచ్చిన చుట్టానికి చోడిపిండి పెడతామేట్రా? మన పరువేం కాను?” అన్నది. ఆమె చిన్ననాడు చోడి అంబలి త్రాగి పెరిగినదే. ఆ సంగతి దాచవలెనని ఎవరో ఆమెకు నేర్పినారు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పుట్టినది మన శ్రీకాకుళము చెంతనే. జనులు ఆడుకొను మాటకు తలవంపులు లేవని ఆయన వాదించిన సీమలో, జనులు తిను తిండికి తలవంపులు మిగిలియుండుట వింతగా లేదా?

ఈ తలవంపుల ఫలమును నేను తరగతిగదిలో చూచుచుందును. రెండవ గంట మ్రోగునప్పటికి బల్లమీద తల వాల్చు పిల్లలను ప్రొద్దున ఏమి తిన్నారని అడిగినచో, “టీ తాగొచ్చాను మేస్టారూ” అనుట పరిపాటి. కలిగిన ఇంటి పిల్ల యైనచో టీతోపాటు రెండు బిస్కట్లు. వారి మాంద్యమును సోమరితనమని దండించు ఉపాధ్యాయులు లేకపోలేదు. ఖాళీ కడుపునకు వ్యాకరణము ఎక్కదని వారు గ్రహింపరు. 2023 మార్చి 21వ తేదీన మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ ఇచ్చుట ఆరంభమైనది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించియుండెను. జావ మంచిదే. కాని పాఠశాల చేయుపనిని ఇల్లు మానుకొనరాదు. పిల్లలకు రూపముపై ఇష్టము. మూకుడులోని రొట్టెను త్రోసివేయు బాలుడు గళ్ల రొట్టెను అడిగి తినును. అచ్చు వారి మోజునకు, పిండి మన బుద్ధికి అప్పగించినచో ఇరువురికిని సమాధానము.

విధానము చెప్పెదను. ఒక గిన్నెడు మినపపప్పు, అరచెంచా మెంతులు నాలుగు గంటలసేపు నానవలెను. నీరు కొద్దికొద్దిగా చేర్చుచు, నురుగువలె తేలికపడువరకు రుబ్బి, రెండున్నర గిన్నెల చోడిపిండి కలిపి, గరిటెనుండి నెమ్మదిగా జారునంత చిక్కగా ఉంచి, రాత్రియంతయు మూతపెట్టవలెను. వేసవిలో ఎనిమిది గంటలకు పులియును. చలికాలమున మరికొన్ని గంటలు పట్టును. చోళ్లలో గోధుమకుండు సాగుడు గుణము లేదు. పులిసినప్పుడు పుట్టు గాలిని పట్టియుంచునది మినపపిండి జిగురే. కావున మినపపప్పును తగ్గించినచో రొట్టె రాయియగును.

ఉదయము ఉప్పు, జీలకర్ర, అల్లపుముక్కలు, ఉల్లిపాయలు, గుప్పెడు లేత మునగాకు, ఒక చెంచా నువ్వులనూనె కలుపవలెను. నీటిచుక్క వేసినచో చిటపటలాడి ఎగిరిపోవునంతగా పలకలు కాలిన పిదప, నూనె రాచి, పిండిని మూడింట రెండు వంతులు మాత్రమే పోసి మూయవలెను; తక్కిన చోటు పొంగుటకు. ప్రక్కలనుండి ఆవిరి వచ్చుట తగ్గినప్పుడే కాలినదని గుర్తు. తొందరపడి తెరచినచో రొట్టె రెండుగా చీలి, చెరియొక పలకకు అంటుకొనును. తీసినవానిని ఒకదానిపై నొకటి పేర్చరాదు. బోర్లించిన జల్లెడపై పెట్టినచో ఆవిరి పోయి కరకర నిలుచును. అల్లపుపచ్చడి దీనికి తగిన జోడు. తీపి కోరు పిల్లలకు ఉల్లి, అల్లము, మునగాకు వేయక, అరటిపండు ముక్కలు, కొంచెము బెల్లపుపాకము. నిమ్మరసము పిండుకొన్న పచ్చడిగాని, జామపండు ముక్కగాని ఉన్నచో చోళ్లలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. వెంటనే టీ త్రాగినచో అది తగ్గును. టీ ఒక గంట ఆగవచ్చును.

రాత్రి రుబ్బుట మరచినవారికి వేరొక దారి కలదు. గిన్నెడు చోడిపిండి, అరగిన్నె బొంబాయిరవ్వ, గిన్నెడు పెరుగు, తగినంత నీరు కలిపి, ఇరువది నిమిషములు ఉంచి, చిటికెడు వంటసోడా వేసి కాల్చవచ్చును. పులియబెట్టినదాని రుచి రాదు గాని ఆకలికి లోటు రాదు. విద్యుత్తు అచ్చు లేనివారు దానికై అప్పుచేయ నక్కరలేదు. అదే పిండిని దిబ్బరొట్టెవలె మూకుడులో పోసి మూతపెట్టినచో చాలును. గళ్లుండవు, గుణమంతయు నుండును.

ఇక త్వరగా అయినది అను మాట. ఈ మాటను వినునప్పుడెల్ల, ఎవరికి త్వరగా అయినదని అడుగవలెను. పది నిమిషములలో పళ్లెములోనికి రొట్టె వచ్చిన గృహస్థునకు అది త్వరగానే అయినది. పప్పు నానబెట్టి, రుబ్బి, తెల్లవారకముందే లేచి, అందరికి కాల్చి పెట్టి, చివరకు తాను చల్లారిన ముక్కతో సరిపుచ్చుకొను ఇల్లాలికి అది త్వరగా అయినదా? ఆమెకు లేచినది మొదలు పరుగే. ఆరోగ్యమను పేరిట ఆమె నెత్తిన మరియొక పని మోపినచో అది సంస్కారము కాదు. పాత భారమునకు క్రొత్త పేరు. పైగా రక్తహీనత మన స్త్రీలలోనే హెచ్చు; చివర తిను అలవాటు దానికి తోడగుచున్నది.

మా ఇంట ఈ పనిని పంచుకొంటిమి. పాఠశాలనుండి రాగానే పప్పు నానబెట్టుట, రాత్రి రుబ్బి కలుపుట నా వంతు. పచ్చడి నా భార్య వంతు. ప్రొద్దున అచ్చు దగ్గర నిలుచుట పదునాలుగేండ్ల మా కుమారుని వంతు. పలకలు చల్లారిన తరువాత తడిగుడ్డతో తుడుచుట మా కుమార్తె వంతు. కాలిన రొట్టె వరుసగా ఒక్కొక్క దినము ఒక్కొక్కరికి మొదట వచ్చును. ఒకనాడు మా బావమరది వచ్చి ఈ ఏర్పాటును చూచి, “బావగారూ, కుర్రాడి చేత వంటింటి పనేటండీ?” అని నవ్వెను. నేను బదులు చెప్పకముందే మా అమ్మ, “తినడం వచ్చినవాడికి వండడం రావద్దేటి, నాయనా?” అని, అతని పళ్లెములో చోడిరొట్టె వేసినది. పరువు మాట ఆ దినమున ఆమె ఎత్తలేదు.

సంస్కారమనునది సభలలో తీర్మానించిన మాత్రమున ఇంటిలోనికి రాదు. తెల్లనిదే గొప్పదను భ్రమను పళ్లెమునుండి తొలగింపవలెను. వంట స్త్రీల ధర్మమే అను భ్రమను పొయ్యి దగ్గరనుండి తొలగింపవలెను. ఈ రెండింటికిని పెద్ద ధనము అక్కరలేదు. చదువరులు ఈ రాత్రియే ఒక గిన్నెడు మినపపప్పు నానబెట్టి చూతురుగాక. ఎవరు నానబెట్టవలెనను సంగతిని మాత్రము ఇంటిల్లిపాదియు కూర్చుండి ముందుగా తేల్చుకొందురుగాక.