వ్యానుకి ముక్కు ఎక్కడ పెడదాం?

ఇంజిన్ మార్పిడి అనగానే అందరి నోటా ముందు వచ్చే మాట హార్స్‌పవర్. తర్వాత గేర్‌బాక్సుకి కలిపే అడాప్టర్ ప్లేటు, వైరింగు, రేడియేటర్ గొట్టాలు. మరి ఎయిర్ ఫిల్టర్ సంగతి ఎప్పుడొస్తుందంటారు? కొత్త ఇంజిన్ స్టార్టయి, ఇంటిల్లిపాదీ వచ్చి చూసి, తలో స్వీటు తిన్నాక. అప్పటికి చేతిలో డబ్బులూ ఉండవు, ఒంట్లో ఓపికా ఉండదు. గొట్టం చివర తళతళలాడే కోన్ ఫిల్టరొకటి తొడిగి, క్లిప్పు బిగించి, చేతులు దులుపుకుంటారు. ఆ కోన్ మీదే నా పేచీ అంతా. తీరిగ్గా కూర్చోండి, చెప్తాను.

బండేమిటో ముందు చెప్పాలి కదా. ఫోక్స్‌వ్యాగన్ వానగన్. అమెరికాలో 1980 నుంచి 1991 మోడల్ దాకా అమ్మారు. ఇంజిన్ వెనకాల, సామాన్లు పెట్టుకునే చోటు కింద ఉంటుంది. ఆఖరి రోజుల్లో వచ్చినది 2.1 లీటర్ల ఇంజిన్, మహా అయితే 95 హార్స్‌పవర్. లోపల మంచం, స్టవ్వు, ఫ్రిజ్జు, పిల్లలు, వాళ్ళ సైకిళ్ళు. లాస్ ఏంజెలెస్ నుంచి ఉత్తరానికి గ్రేప్‌వైన్ ఎక్కిన మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, నాలుగు వేల అడుగులు దాటే ఆ ఎక్కుడులో ఈ వ్యాన్లు ఫ్లాషర్లు వేసుకుని లారీల వెనక నీరసంగా పోతుంటాయి. అందుకే చాలామంది ఆ ఇంజిన్ దించేసి, 1990ల నాటి సుబారు లెగసీలో వచ్చిన 2.2 లీటర్లది ఎక్కిస్తారు. అదీ అడ్డంగా పడుకున్న నాలుగు సిలిండర్లదే కాబట్టి ఆ ఇరుకు గదిలో ఇమిడిపోతుంది. 130 హార్స్‌పవర్‌కి తగ్గదు.

ఇది ఎంత గాలి తాగుతుందో ఒక్కసారి లెక్క కట్టి చూద్దాం, భయపడకండి, చిన్న లెక్కే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకోసారి తన 2.2 లీటర్లూ నింపుకుంటుంది. నిమిషానికి 6000 చుట్లయితే 6600 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు గనక 85 శాతం వేసుకోండి, నిమిషానికి 5600 లీటర్ల చిల్లర. అంత గాలిని వడకట్టడం ఓ మోస్తరు సైజు కాగితం ఫిల్టరుకి పెద్ద పనేమీ కాదు. మామూలు కార్లు రోజూ చేస్తున్న పనే అది.

"కాగితం గాలిని ఆపేస్తుందండీ, కోన్ అయితే ఫ్రీగా వదుల్తుంది" అని షాపువాళ్ళు చెప్తారు. సరే, ఆపుతుంది. ఎంత ఆపుతుంది? ఫిల్టరుకీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టానికి సన్నని బెజ్జం పెట్టి, ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తగిలించండి. దాన్ని U ఆకారంలో ఓ చెక్కకి కట్టి, రంగు నీళ్ళు పోసి, రెండో కొస బయటి గాలికి వదిలేయండి. ఫుల్ థ్రాటిల్‌లో లాగుతున్నప్పుడు పక్కనున్నవాళ్ళు నీళ్ళ మట్టాల తేడా చూసి చెప్పాలి. పది అంగుళాల తేడా వచ్చిందనుకుందాం. వాతావరణ పీడనం అంటే నీళ్ళ లెక్కలో 400 అంగుళాల పైన. పది పోతే పోయింది రెండున్నర శాతం.

ఇప్పుడు ఆ కోన్ ఎక్కడ కూర్చుందో చూడండి. ఎగ్జాస్టు సెగ కొట్టే ఇంజిన్ గదిలో! బయట 30 డిగ్రీలుంటే, ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు ఆ గదిలో 60 ఉందనుకోండి. మూడు డిగ్రీలు వేడెక్కితే గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. అంటే ముప్ఫై డిగ్రీలకి తొమ్మిది శాతం. రెండున్నర మిగుల్చుకోబోయి తొమ్మిది పోగొట్టుకున్నట్టు. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతుంది, ఆ చప్పుడే పవరనుకుని మురిసిపోయేవాళ్ళని చూశాను.

కాబట్టి ఏ ఫిల్టర్ అన్నది తర్వాత, ముక్కు ఎక్కడన్నది ముందు. ఈ విషయంలో జర్మనీవాళ్ళు మనకి పని మిగల్చలేదు. వానగన్ వెనక కిటికీల పక్కన, రెండు వైపులా చెవుల్లా గాలి కన్నాలుంటాయి. నేలకి ఎత్తుగా, ఇంజిన్ సెగకి దూరంగా. కొత్త ఫిల్టర్ పెట్టె మూతి అక్కడికి పట్టుకెళ్ళగలిగితే చల్లటి గాలి వస్తుంది, దుమ్మూ తక్కువ, వాగు దాటినా నీళ్ళు చేరవు. మన ఊళ్ళలో పాత ట్రాక్టర్లని గుర్తు తెచ్చుకోండి. బానెట్ మీదకి గొట్టం లేచి, దాని నెత్తిన టోపీ ఉండేది, కింద నూనె గిన్నె ఫిల్టర్. దమ్ము చేసినా దుక్కి దున్నినా ఇంజిన్ నిలబడిందంటే, దుమ్ము పల్చగా ఉండే ఎత్తులో గాలి పీల్చడం వల్ల కూడా.

ఇక ఫిల్టర్ రకం. నూనె రాసిన కాటన్ ఫిల్టర్లు కడిగి మళ్ళీ వాడుకోవచ్చు, నిజమే. కానీ సుబారు ఇంజిన్‌లో, ఫిల్టర్ దాటగానే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటుంది. వేడి చేసిన సన్నటి తీగో పొరో ఎంత చల్లబడిందో చూసి, గాలి ఎంత వచ్చిందో లెక్క చెప్తుంది. మనవాడు ప్రేమ కొద్దీ నూనె ఎక్కువ పట్టించాడంటే అది కొట్టుకొచ్చి సెన్సర్‌కి అంటుకుంటుంది, లెక్క తప్పుతుంది. నా ఓటు పొడి కాగితానికే, అదీ మూత గట్టిగా పడే పెట్టెలో.

మూత అన్నానని తేలిగ్గా తీసుకోకండి. అది సరిగ్గా కూర్చోకపోతే, దుమ్ము కాగితంలోంచి వెళ్ళేదానికన్నా అంచుల పక్కనుంచి దూరేదే ఎక్కువ. ఓ మట్టి రోడ్డు మీద తిరిగొచ్చాక, ఫిల్టర్ తీసి, అవతలి వైపు గొట్టంలో తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి చాయగా ఏమైనా అంటిందా, పెట్టె అంచు కూర్చోలేదన్నమాట. రబ్బరు అంచుకి పల్చగా గ్రీజు రాసి బిగించి మళ్ళీ చూడండి. సెన్సర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టం చిట్లితే అది వేరే బాధ: లెక్కకి రాని గాలి దూరి, ఇంజిన్ ఐడిల్‌లో తడబడుతుంది. ఇంజిన్ ఆవిరి గొట్టాలు కూడా ఆ మధ్యలోనే కలుస్తాయి, వాటిని ఊరికే వేలాడదీయకండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి మరో మాట. అక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకి స్మాగ్ పరీక్ష ఉంది, ఇంజిన్ మారిస్తే ఆ మార్పు సరిగ్గా ఉందో లేదో చూసే స్మాగ్ రెఫరీ దగ్గరికి వెళ్ళాలి. ఇంజిన్ బండి కన్నా పాతది కాకూడదు, దాని కాలుష్య నియంత్రణ సరంజామా అంతా వెంట రావాలి. బయటి కంపెనీ ఇన్‌టేక్ పెడితే దానికి రాష్ట్రం ఇచ్చిన ఆమోదం నంబరు ఉండాలి. పాత లెగసీ నుంచి ఇంజిన్ దించేటప్పుడే ఆ ఫిల్టర్ పెట్టె, సెన్సర్, మధ్య గొట్టం కూడా విప్పి తెచ్చుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. స్క్రాప్ యార్డువాడు వాటికి పెద్దగా డబ్బులు కూడా అడగడు.

పెట్టె మీరే కట్టించుకుంటున్నారా? అయితే ముందు ఫిల్టర్ కొని, దాని కొలతలకి పెట్టె కట్టించండి. ఏ ఊళ్ళోనైనా స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే రకం చూసుకోండి. దాని నంబరు మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టండి, మీరు అమ్మేశాక ఆ బండి కొనుక్కున్నవాడికి కూడా పనికొస్తుంది.