వాగు దాటినవాడే విజేత!

ఒడ్డున కూర్చుని చూస్తే అదో చిన్న వాగు. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో నెమ్మదిగా కదిలే కాసిని నీళ్లు. మామూలు రోజుల్లో దాని వంక ఎవరూ రెండోసారి చూడరు. కానీ గోల్ఫ్ ఆడేవాళ్లకు పేరు చెబితే చాలు, గుండె జారుతుంది. అదే బ్యారీ బర్న్. స్కాట్లాండ్ వాడుకలో బర్న్ అంటే వాగే. తూర్పు తీరంలోని కార్నూస్టీ అనే చిన్న ఊళ్లో, గోల్ఫ్ మైదానం మీదుగా పాములా మెలికలు తిరుగుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. 1860లో మొదలై, ప్రపంచంలోకెల్లా పాత గోల్ఫ్ టోర్నీగా పేరున్న 'ది ఓపెన్' విజేతను 1999లో తేల్చింది ఆ వాగే. విచిత్రం ఏమిటంటే... ఆ రోజు దాని ఒడ్డున ఓడినవాణ్ని లోకం ఇప్పటికీ తలచుకుంటుంది. గెలిచినవాడి పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు!

జమీందారు భూమి... జనం మైదానం

ఒకప్పుడు బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన జనపనారతో మిల్లులు నడిపిన డండీ నగరానికి కార్నూస్టీ 18 కిలోమీటర్ల దూరం. రైలెక్కితే కాసేపట్లో దిగిపోవచ్చు. జనాభా సుమారు పదకొండు వేలు. అంటే మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ అంత. ఒకవైపు రైలు పట్టాలు, మరోవైపు ఉత్తర సముద్రం, పక్కనే సైన్యం శిక్షణ పొందే బ్యారీ బడన్ మైదానం. తుపాకుల చప్పుడు వింటూ ఇక్కడ గోల్ఫ్ ఆడటం మామూలే.

ఆ నేల సంగతీ చెప్పుకోవాలి. సముద్రానికీ పొలాలకీ నడుమ ఉండే ఇసుక నేలను అక్కడ 'లింక్స్' అంటారు. పంటకు పనికిరాదు. గొర్రెలు మేస్తాయి, గడ్డి మొలుస్తుంది, ముళ్లపొదలు పసుపు పచ్చగా పూస్తాయి. గోల్ఫ్ పెరిగి పెద్దదయింది అలాంటి నేలల్లోనే. కార్నూస్టీ పక్కన ఈ ఆట ఆడారనడానికి 1560 నాటి ఆధారం ఉంది. 1842 ప్రాంతంలో అలన్ రాబర్ట్‌సన్ పది హోల్స్ మైదానం గీశాడు. 1867లో ఓల్డ్ టామ్ మోరిస్ దాన్ని 18కి పెంచాడు. 1926లో జేమ్స్ బ్రెయిడ్ చెయ్యి పడ్డాక ఇప్పటి రూపం వచ్చింది.

ఈ భూమి ఒకప్పుడు డల్‌హౌసీ ప్రభువులది. అవును... చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో చదువుకున్న రాజ్యసంక్రమణ సిద్ధాంతం గుర్తుందా? దాన్ని అడ్డం పెట్టుకుని మన సంస్థానాలను కలిపేసుకున్న గవర్నర్ జనరల్‌దీ ఆ వంశమే. ఆ కుటుంబం 1890ల్లో మైదానాన్ని అమ్మకానికి పెడితే, కొనడానికి ఊరి దగ్గర సొమ్ము లేదు. చందాలు వేసుకున్నారు. అలా జమీందారు భూమి ఊరి ఉమ్మడి ఆస్తి అయింది. ఓపెన్ జరిగే మైదానమైనా ఇప్పటికీ అందరిదే. రుసుము కట్టిన ఎవరైనా ఆడుకోవచ్చు.

అమెరికాకు ఆట నేర్పినవాళ్లు

పదో హోల్ పేరు 'సౌత్ అమెరికా'. స్కాట్లాండ్‌లో ఆ పేరేమిటంటే, ఊళ్లో ఓ కథ చెబుతారు. దక్షిణ అమెరికా వెళ్లి బతుకుతానని ఓ కుర్రాడు బయల్దేరాడట. స్నేహితులు వీడ్కోలు విందు ఇచ్చారు. విందులో మందు ఎక్కువై, తెల్లారేసరికి ఆ హోల్ దగ్గరే నిద్రపోతూ కనిపించాడట. అతగాడి ప్రయాణం అంతదాకే!

అందరూ అలా ఆగిపోలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కొన్ని వందల మంది కార్నూస్టీ కుర్రాళ్లు ఓడలెక్కారు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే... గోల్ఫ్. అమెరికాలో అప్పుడప్పుడే క్లబ్బులు వెలుస్తున్నాయి. నేర్పేవాళ్లు కావాలి. ఈ ఊరి విల్లీ స్మిత్ 1899లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అన్న అలెక్స్ 1906లో, 1910లో గెలిచాడు. అట్లాంటాలో స్థిరపడిన స్టీవర్ట్ మేడెన్ ఆటను చూసి చూసి నేర్చుకున్న పిల్లాడే తర్వాత ప్రపంచాన్ని ఏలిన బాబీ జోన్స్. ఇంటికొకరు అమెరికాలో ఉన్న ఊళ్లు మనకూ తెలుసు కాబట్టి, ఆ వాకిళ్లలో వీడ్కోళ్లు ఎలా ఉండేవో ఊహించడం కష్టం కాదు.

24 ఏళ్ల నిరీక్షణ

కార్నూస్టీకి ఓపెన్ మొదట 1931లో వచ్చింది. 1953లో అమెరికా దిగ్గజం బెన్ హోగన్ ఇక్కడ గెలిచాడు. ఆయన ఓపెన్ ఆడింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆరో హోల్‌ని 'హోగన్స్ ఆలీ'... అంటే హోగన్ సందు అని పిలుస్తారు. 1968లో గ్యారీ ప్లేయర్, 1975లో టామ్ వాట్సన్ విజేతలు. ఆ తర్వాత టోర్నీ ముఖం చాటేసింది. మైదానం బాగోగులు తగ్గాయి. అంతమంది అతిథులకు సరిపడా హోటలూ లేదు. అలా ఏకంగా 24 ఏళ్లు! మైదానం సంరక్షకుడు జాన్ ఫిల్ప్ బృందం దానికి మళ్లీ ప్రాణం పోసింది. 18వ హోల్ వెనకాలే పెద్ద హోటల్ లేచింది. 1999 జులైలో ఓపెన్ తిరిగొచ్చింది.

వచ్చిన ఆటగాళ్లకు మాత్రం కళ్లు తిరిగాయి. బంతి పడాల్సిన బాటలు సన్నగా, వాటి పక్కన గడ్డి మోకాలెత్తున! దానికి తోడు ఈదురుగాలి. 'నాస్టీ' అంటే పరమ చెడ్డదని కదా... ఊరి పేరునే 'కార్-నాస్టీ' అని మార్చి పిలిచారు. ఈ మైదానంలో 18 హోల్స్‌ను 71 షాట్లలో ముగించాలన్నది లెక్క. తొలిరోజు ఆ లెక్క దగ్గర ఆగినవాడు ఆస్ట్రేలియాకు చెందిన రాడ్ పాంప్లింగ్ ఒక్కడే. రెండోరోజు అతనూ 86 కొట్టి ఇంటిదారి పట్టాడు. పంతొమ్మిదేళ్ల స్పెయిన్ కుర్రాడు సెర్జియో గార్సియా 89, 83 కొట్టి తల్లిని పట్టుకుని ఏడ్చేశాడు.

చెప్పులు విప్పి వాగులోకి...

ఆఖరి రోజు ఉదయానికి అందరికన్నా ముందున్నది ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్. వయసు 33. అతనిమీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. ఐదు షాట్ల ఆధిక్యం అతనిది. అప్పటిదాకా ఓపెన్ గెలిచిన ఫ్రాన్స్ దేశస్థుడు ఒక్కడే... 1907లో అర్నో మస్సీ. 92 ఏళ్ల తర్వాత రెండోవాడు వస్తున్నాడనే అందరూ అనుకున్నారు. చివరిదైన 18వ హోల్‌కి వచ్చేసరికి ఇంకా మూడు షాట్ల ఆధిక్యం ఉంది. నాలుగు షాట్ల హోల్ అది. ఆరు కొట్టినా కప్పు అతనిదే.

ఇల్లలకగానే పండగ కాదంటారు కదా. నెమ్మదిగా, చిన్న షాట్లతో పోవాల్సిన చోట వాన్ డి వెల్డ్ అన్నిటికన్నా దూరం కొట్టే 'డ్రైవర్' కర్ర తీశాడు. బంతి కుడివైపు కొట్టుకుపోయి పక్కనున్న 17వ హోల్ బాటలో పడింది. అదృష్టం, నీళ్లలో పడలేదు. రెండో షాట్ నేరుగా లక్ష్యం వైపే కొట్టాడు. బంతి ప్రేక్షకుల గ్యాలరీ కమ్మీకి తగిలి, అక్కణ్నుంచి వాగు రాతిగోడకు తగిలి, వెనక్కి ఎగిరి దట్టమైన గడ్డిలో పడింది! మూడో షాట్ గడ్డిలో చిక్కుకుని తిన్నగా వాగులోకే.

అప్పుడు అతను చేసిన పనిని కోట్లమంది టీవీల్లో చూశారు. బూట్లు, మేజోళ్లు విప్పాడు. ప్యాంటు మడిచాడు. కర్ర పట్టుకుని వాగులోకి దిగాడు. నీళ్లలోంచే కొడదామని ఆలోచన. కాసేపు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. చివరికి మనసు మార్చుకుని ఒడ్డెక్కాడు. ఒక షాట్ జరిమానా కింద పోయింది. ఐదోది ఇసుక గుంటలో పడింది. ఆరోదానికి బయటికొచ్చింది. ఏడోదానికి గానీ బంతి హోల్‌లోకి వెళ్లలేదు. ఆ చివరి ఒత్తిడిలోనూ చెయ్యి వణక్కుండా కొట్టిన షాట్ అది. అదీ పోయుంటే ఓటమి అక్కడే ఖాయమయ్యేది. ఇప్పుడు 290 షాట్లతో ముగ్గురు సమానం. వాన్ డి వెల్డ్, అమెరికాకు చెందిన జస్టిన్ లియోనార్డ్, ఇంకొకరు.

ఎవరా మూడోవాడు?

ఆ ఇంకొకరే పాల్ లౌరీ. సొంతూరు అబర్డీన్, కార్నూస్టీకి కారులో గంట పైచిలుకు దూరం. వయసు 30. ప్రపంచ ర్యాంకు 159. చిన్నప్పట్నుంచీ ఛాంపియనేం కాదు. పదిహేడేళ్లకు బాంకరీ అనే ఊరి గోల్ఫ్ క్లబ్బులో సహాయకుడిగా చేరి, పని చేస్తూనే ఆట మెరుగు పరుచుకున్నాడు. ఆ ఏడాది ఓపెన్‌లో ఆడటానికి నేరుగా చోటు దక్కలేదు. డండీలోని డౌన్‌ఫీల్డ్ మైదానంలో అర్హత పోటీ ఆడి, నెగ్గి వచ్చాడు.

ఆఖరి రోజు మొదలయ్యేసరికి వాన్ డి వెల్డ్ కన్నా పది షాట్లు వెనక ఉన్నాడు. ఆ కఠినమైన మైదానంలో 67 కొట్టాడు. ముందుగా ఆట ముగించి, మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తర్వాత 15 నుంచి 18 దాకా నాలుగు హోల్స్‌లో ముగ్గురికీ తుది పోరు. వాన పడుతోంది. మొదటి రెండు హోల్స్‌లో ముగ్గురూ తడబడ్డారు. 17వ హోల్‌లో లౌరీ ఒక షాట్ మిగుల్చుకున్నాడు. ఇక 18వది... వాన్ డి వెల్డ్ కొంప ముంచిన హోల్. వాగుకి అవతల దూరంగా లక్ష్యం. లౌరీ నాలుగో నంబరు ఇనుప కర్రతో కొట్టిన బంతి వాగు మీదుగా ఎగిరి, జెండాకి నాలుగడుగుల దూరంలో ఆగింది. మూడు షాట్ల తేడాతో క్లారెట్ జగ్ అనే వెండి కూజా, మూడున్నర లక్షల పౌండ్ల బహుమతి అతని సొంతం.

ఆఖరి రోజు పది షాట్లు వెనకబడి మేజర్ టోర్నీ గెలవడం... ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. స్కాట్లాండ్‌లో జరిగిన ఓపెన్‌ని ఆ గడ్డ మీద పుట్టినవాడు గెలవడం 1931 తర్వాత అదే మొదలు. 1931 విజేత టామీ ఆర్మర్ కూడా అప్పటికే అమెరికా పౌరుడు.

అయినా పేరు ఎవరికి దక్కింది? వాగులో నిలబడ్డవాడికి! గెలుపు కానుకగా దొరికిందే తప్ప కష్టపడి తెచ్చుకున్నది కాదన్నట్టు మాట్లాడారు చాలామంది. ఆ రోజు తనకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదన్న బాధను లౌరీ తర్వాత దాచుకోలేదు. నిజం చెప్పాలంటే వాన్ డి వెల్డ్ తడబాటు లౌరీకి అవకాశం ఇచ్చింది, అంతవరకే. అదే అవకాశం లియోనార్డ్‌కీ వచ్చింది. దాన్ని అందుకున్నది లౌరీయే.

మాటలకు జవాబు ఆటతో ఇచ్చాడు. 2001లో కార్నూస్టీ కూడా ఒక వేదికగా జరిగిన డన్‌హిల్ లింక్స్ టోర్నీ గెలిచాడు. 2012లో, 43 ఏళ్ల వయసులో, పదమూడేళ్ల విరామం తర్వాత యూరప్ తరఫున రైడర్ కప్‌లో చోటు సంపాదించి అమెరికా ఆటగాణ్ని ఓడించాడు. అంతకుముందే 2001లో తన పేరుతో ఓ ఫౌండేషన్ పెట్టి పిల్లలకు గోల్ఫ్ పరిచయం చేసే పని మొదలుపెట్టాడు. 67 కొట్టిన ఆ ఒక్క రోజుతో ఆగిపోయిన జీవితం కాదది.

వాగు అక్కడే ఉంది

2007లో ఓపెన్ మళ్లీ కార్నూస్టీకి వచ్చింది. ఈసారి 18వ హోల్‌లో ఐర్లాండ్‌కు చెందిన పాడ్రిగ్ హారింగ్టన్ ఒకటి కాదు, రెండు బంతులు వాగులో వేశాడు. వెనకాలే వచ్చిన ఆటగాడు ఆ హోల్‌ని నాలుగు షాట్లలో ముగిస్తే టోర్నీ గెలిచినట్టే. చివరి షాట్ హోల్ అంచుని తాకి బయటే ఆగిపోయింది. ఎవరతను? ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే తల్లిని పట్టుకుని ఏడ్చిన గార్సియా! తుది పోరులో హారింగ్టనే గెలిచాడు. 2018లో మన శుభంకర్ శర్మ కూడా ఈ మైదానంలో ఓపెన్ ఆడాడు. ఆ ఏడాది విజేత ఫ్రాన్సెస్కో మొలినారి. మేజర్ గెలిచిన తొలి ఇటలీ ఆటగాడు. 18వ హోల్‌ని అతను మూడు షాట్లలోనే దాటేశాడు.

వెళ్లాలనుకునేవారికి జూన్, జులై మంచి కాలం. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. అయినా స్వెట్టర్, గొడుగు తప్పనిసరి. ఆడాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఆడనివాళ్లు సముద్రం ఒడ్డున నడవొచ్చు, హోటల్ ముందు నిలబడి 18వ హోల్ చూడొచ్చు. గోల్ఫ్‌కి పుట్టిల్లుగా చెప్పే సెయింట్ ఆండ్రూస్ కూడా టే నది అవతలే ఉంది. కారులో వెళ్తే గంట లోపే.

వచ్చినవాళ్లలో చాలామంది వాన్ డి వెల్డ్ నీళ్లలో దిగిన చోటు ఎక్కడని అడుగుతారు. అది చూశాక, అక్కడే ఉన్న 18వ హోల్ జెండా వైపు కూడా ఓసారి చూడాలి. వానలో తడుస్తూ ఓ పొరుగూరి కుర్రాడు కొట్టిన బంతి, ఆ జెండాకి నాలుగడుగుల దూరంలోనే ఆగింది.