మెగ్ పెళ్లి చేసుకుంటే వాళ్లకేంటి?

మా అమ్మాయి ఇంటర్ సెలవుల్లో వరసపెట్టి చదివిన పుస్తకాల్లో మాడెలిన్ లెంగిల్ కథలున్నాయి. అటు సైన్సూ ఇటు మాయా మంత్రం కలగలిపిన కథలు. మొదటిది ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’, 1962లో వచ్చింది. మరుసటేడే న్యూబెరీ మెడల్ కూడా వచ్చింది.  నేను చెప్పబోయే గొడవ మాత్రం మూడో నవలతో. ‘ఎ స్విఫ్ట్‌లీ టిల్టింగ్ ప్లానెట్’, 1978లోది. ఈ నవల గురించి పాఠకులు చెప్పే మాటలు వింటుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఒళ్లు మండుతుంది.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మొదటి పుస్తకంలో మెగ్ అనే పిల్ల ఉంటుంది. కళ్లద్దాలు, పళ్లకి క్లిప్పులు, ముక్కు మీద కోపం, లెక్కల్లో మాత్రం దిట్ట. కనిపించకుండా పోయిన నాన్న కోసం వేరే గ్రహానికి వెళ్లి, అక్కడ చిక్కుకున్న తమ్ముణ్ణి తనే విడిపించుకొస్తుంది. తల్లి సైంటిస్టు. ఇంట్లోనే ల్యాబు. బన్సెన్ బర్నర్ మీదే కూర కూడా ఉడికించేస్తుంది. (ఆ సీను చదివినప్పుడల్లా నాకు భలే ముచ్చటేస్తుంది!)

మూడో పుస్తకానికొచ్చేసరికి మెగ్‌కి పెళ్లయింది, కడుపుతో ఉంది. భర్త కాల్విన్ ఏదో సదస్సుకని లండన్ వెళ్లాడు. తను పుట్టింట్లో, అటక గదిలో, దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుంది. ఆ రాత్రి ప్రపంచాన్ని అణుయుద్ధం నుంచి తప్పించే పని పదిహేనేళ్ల తమ్ముడు చార్లెస్ వాలెస్ మీద పడుతుంది. వాడేమో యూనికార్న్ ఎక్కి పాతకాలాల్లోకి ఎగిరిపోతాడు. మెగ్ మంచం మీంచే మనసుతో వాడి వెంట వెళ్తుంది. పక్కన ఓ కుక్క. దానికి ఆమె పెట్టిన పేరు ఆనంద, మన సంస్కృతం మాటే!

ఇక పాఠకుల మాటలు. ఒకేలాంటి పేర్లు, మాడక్, మాడక్స్, జిల్, జిల్లా, ఎవరు ఎవరికి ముత్తాతో తేలక తల తిరిగిందంటారు. నిజమే, నేను కాగితం మీద వంశవృక్షం గీసుకున్నాను. అమెరికా ఆదివాసుల్లో నీలికళ్లు వస్తే శుభసూచకమన్నట్టు రాయడం బాగాలేదంటారు. అదీ ఒప్పుకుంటాను. మంచితనం కంటి రంగులో వస్తుందా ఏమిటి?

కానీ అందరికన్నా గట్టిగా వినిపించే ఫిర్యాదు మెగ్ గురించి. “అంత చురుకైన పిల్లని మంచంలో పడుకోబెట్టేసింది, పెళ్లి చేసి పాడుచేసింది” అని. మా అమ్మాయి కూడా ఈ పార్టీయే. “చివరికి ఇలా అయిపోయింది చూడమ్మా” అంది. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని. ఆ “ఇలా” అన్న మాట దగ్గర చేతిలో బెండకాయలు కాసేపు ఆగాయి. అది నన్నుద్దేశించి అనలేదు, నాకు తెలుసు. అయినా చెవిలో ఉండిపోయింది.

అందుకే మళ్లీ మొదటినుంచీ చదివాను. ఈసారి నాకు మెగ్ కన్నా ఆమె అత్తగారు కనిపించింది.

మిసెస్ ఓకీఫ్ మొదటి పుస్తకంలో ఓ క్షణం కనిపిస్తుంది. పదకొండుమంది పిల్లలు, సింకునిండా అంట్లు, చెదిరిన జుట్టు, ఊడిన పళ్లు, చేతిలో చెక్క గరిటెతో పిల్లల్ని బాదుతూ. మూడో పుస్తకంలో పండగ భోజనానికి కోడలి పుట్టింటికొస్తుంది. మొహం ముడుచుకుని కూర్చుంటుంది. ఆవిడతో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలీదు. అలాంటి మనిషి, చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఓ పాత రక్షామంత్రాన్ని ఉన్నట్టుండి చార్లెస్‌కి అప్పజెప్తుంది. కథంతా దాని మీదే నడుస్తుంది.

ఆ రాత్రి చార్లెస్‌తో పాటు వెళ్లి మెగ్ చూసేవాటిలో ఒకటి, తన అత్తగారి బాల్యం. అప్పుడావిడ పేరు బీజీ. హుషారైన పిల్ల. తమ్ముడంటే ప్రాణం. తండ్రి పోతాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. ఆ మారుతండ్రి క్రూరత్వానికి తమ్ముడి తలకి దెబ్బ తగిలి, వాడు మళ్లీ మునుపటి మనిషి కాలేకపోతాడు. ఆ ఇంట్లోంచి బయటపడ్డానికి దొరికిన దారిలా ఉంటుంది ఆవిడ పెళ్లి.

మా అత్తగారి అన్నయ్య ఏలూరు నుంచి వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే “బుల్లీ” అని పిలిచేవారు. అప్పటిదాకా వంటింట్లో మిరపకాయల లెక్క చూస్తున్న మనిషి మొహం ఒక్కసారి మారిపోయేది. నేను పెళ్లయి వచ్చిన ఆరేళ్లకి అనుకుంటా, ఆ మాట విన్నాను. ఈ ఇంట్లో మరెవరూ ఆవిణ్ణి అలా పిలవలేదు. బీజీ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ బుల్లే గుర్తొచ్చింది.

మెగ్ మంచంలో పడుకుని ఏం చేసింది అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. అత్తగారు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో చూసింది. ఎంతమంది కోడళ్లకి ఆ అవకాశం దొరుకుతుంది చెప్పండి! పాడైపోయిన జీవితం ఈ పుస్తకంలో ఒకటుంది, నిజమే. అది మెగ్‌ది కాదు. దాని గురించి చర్చ పెద్దగా వినపడదేం మరి?

అలాగని రచయిత్రిని పూర్తిగా వెనకేసుకురాను. ఆవిడేమీ ఇంటిపని తెలియని మనిషి కాదు. కనెటికట్‌లో పల్లెటూరి ఇంట్లో పిల్లల్ని పెంచుతూ, భర్తతో కలిసి కిరాణా కొట్టు నడుపుతూ రాసింది. రాసినవేమో తిరిగొచ్చేవి. నలభయ్యో పుట్టినరోజునే ఒక తిరస్కారం వస్తే, ఇక రాయనని టైప్‌రైటర్ మూసేసి గదిలో ఏడుస్తూ తిరిగిందట. తిరుగుతూనే, ఓటమి గురించి ఓ నవల మనసులో అల్లుకుంటున్నానని గ్రహించి మళ్లీ మూత తీసిందట. ‘ఎ సర్కిల్ ఆఫ్ క్వైట్’లో తనే చెప్పుకుంది. మెగ్ గురించి అడిగినవాళ్లకి కూడా, ఉద్యోగం ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలంటే ఇల్లు ఎంచుకునే స్వేచ్ఛా ఉండాలన్న అర్థంలో జవాబిచ్చింది.

మాట బాగానే ఉంది. కానీ అంత అనుభవమున్న మనిషి, మెగ్ ఆ ఎంపిక చేసుకున్న రోజుని మనకి చూపించలేదు. రెండో పుస్తకంలో బడిపిల్ల, మూడోదాంట్లో నిండు గర్భిణి. మధ్యలో ఏం వదులుకుంది, ఎవరితో పోట్లాడింది, ఏ రాత్రి నిద్రపోలేదు? ఒక్క పేజీ అయినా రాయాల్సింది. ఇతర నవలల్లో మెగ్‌కి ఏడుగురు పిల్లలు (ఏడుగురు!), భర్త పరిశోధనకి లెక్కలన్నీ ఆవిడే చేసిపెడుతుంది. పేరు మాత్రం భర్తదే. అక్కడ మా అమ్మాయి పక్షమే నేను.

ఆ సంగతి దానికి చెప్తే, “మరి నువ్వెప్పుడు ఎంచుకున్నావమ్మా?” అంది. రెండురోజులుగా వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ దానికి ముక్కలు ముక్కలుగా చెప్తున్నాను. ఇంకా దాని ఒకటో తరగతి దగ్గరే ఉన్నాం.